ఆకుకూరలోని అణువు

రసాయనశాస్త్రమనగానే మన సోదరీమణులలో పలువురకు గాజుబుడ్లును, ఘాటైన ఆమ్లములును, కళాశాలలోని ప్రయోగశాలలును స్మరణకు వచ్చును. అది పరీక్షలతో ముగియు చదువనియు, వంటయింటితో దానికి పొత్తు లేదనియు తలచువారు నేటికిని లేకపోలేదు. కాని పాలు తోడుకొనుట, దోసెపిండి పులియుట, కాయ పండగుట ఇవి యన్నియు రసాయనక్రియలే. మన దేహమున రక్తము పుట్టుటయు, గర్భమందు శిశువు రూపొందుటయు అట్టివే. కాబట్టి ఈ శాస్త్రపు మొదటి పాఠములనైనను గృహిణి యెఱిగియుండవలెనని నా మతము.

హైదరాబాదు నగరమునకు తూర్పున మౌలాలి గుట్ట కలదు. కుతుబుషాహీల కాలమునుండియు ప్రసిద్ధి గాంచిన దర్గా దాని శిఖరమున నున్నది. గుట్ట పాదమున, ఉర్దూ కవయిత్రియగు మహలఖా బాయి సమాధి యున్నది. గుట్ట యంతయు ఒకే గ్రానైటు రాయి. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఆ మెట్లెక్కి ఆయాసముతో రాతిపై కూర్చుండు స్త్రీ దేహమునకును, ఆ రాతికిని పోలిక యేమున్నదని యడిగిన, ఏమియు లేదనియే యెల్లరును చెప్పుదురు. రసాయనశాస్త్రజ్ఞుడు మాత్రము అట్లు చెప్పడు.

ఆ రాతి బరువులో ఇంచుమించు సగము, మనము పీల్చుకొను ప్రాణవాయువే. దానినే ఆమ్లజని యందురు. రాతిలో అది వాయురూపమున లేదు. సిలికాను అను మఱియొక మూలకముతో గట్టిగా పెనవేసికొని యున్నది. సిలికాను మూడవవంతు. మిగిలినది అల్యూమినియము, పొటాసియము, సోడియము, కొంచెము ఇనుము. మన దేహములోనో, నూటికి సుమారు 65 పాళ్లు ఆమ్లజని, 18 పాళ్లు కర్బనము, 10 పాళ్లు ఉదజని, 3 పాళ్లు నత్రజని. ఈ నాలుగును కలిసి 96 పాళ్లయినవి. తక్కిన నాలుగు పాళ్లలోనే ఎముకలలోని సున్నపు ధాతువు, భాస్వరము, ఉప్పులోని సోడియము, రక్తములోని ఇనుము మొదలైనవన్నియు ఇమిడియున్నవి. ప్రాణులకు మాత్రమే ప్రత్యేకముగా సృష్టింపబడిన మూలకము ఒక్కటియు లేదు. భేదమంతయు కూర్పులో నున్నది.

మూలకముయొక్క అతిసూక్ష్మమైన కణమునకు పరమాణువని పేరు. పరమాణువులు కొన్ని చేరి ఒక వరుసలో బంధింపబడినయెడల అది అణువగును. ఉదజని పరమాణువులు రెండు, ఆమ్లజని పరమాణువొకటి చేరిన నీటియణువు. అక్షరములు కూడి మాటలైనట్లే యిదియు. ‘రమ’ అనిన లక్ష్మీదేవి. ‘మర’ అనిన యంత్రము. అక్షరములు అవియే, వరుస మాఱినది, అర్థము మాఱినది. అణువుల విషయమునను అంతే.

ఈ నాలుగు మూలకములలో కర్బనమే పెద్ద ముత్తైదువ వంటిది. దాని పరమాణువునకు నాలుగు చేతులున్నవని చెప్పవచ్చును. ఒక చేతితో తనవంటి మఱియొక కర్బనమును, తక్కిన చేతులతో ఉదజనిని, ఆమ్లజనిని, నత్రజనిని పట్టుకొనగలదు. అట్లు గొలుసులుగాను, ఉంగరములుగాను ఎంత పొడవైనను అల్లుకొనగలదు. ఇది నిజమో కాదో తెలియవలెనన్న ఒక చెంచాడు చక్కెరను మూకుడులో వేసి మాడ్చి చూడుడు. తెల్లని చక్కెర ఎఱ్ఱనై, పొగలు గ్రక్కి, తుదకు నల్లని బొగ్గగును. ఆ బొగ్గే కర్బనము. చక్కెర యణువులో కర్బనములు 12, ఉదజనులు 22, ఆమ్లజనులు 11 ఉన్నవి. కడపటి రెండును చాలవఱకు నీటియావిరియై పోగా కర్బనము మిగిలినది. అన్నము మాడినను, రొట్టె మాడినను, పాలు మాడినను నల్లబడుటకు ఇదియే కారణము. మౌలాలి రాతిని ఎంత కాల్చినను బొగ్గు కాదు.

ఇట్టి పదార్థములను ప్రాణులు మాత్రమే, ఏదో యొక జీవశక్తి బలమున చేయగలవని పూర్వము పెద్దలు నమ్మిరి. 1828లో వోలర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, మూత్రములో నుండు యూరియాను ఏ ప్రాణి సహాయమును లేకుండ ప్రయోగశాలలో తయారుచేసెను. నాటినుండి ఆ నమ్మకము సడలసాగినది.

బియ్యములోని పిండిపదార్థము చక్కెర వంటి చిన్న యణువుల పొడుగాటి దండ. నూనె, నేయి మొదలగు క్రొవ్వులలో కర్బన ఉదజనుల గొలుసులే యెక్కువ. పప్పులలోను, పాలలోను, గ్రుడ్లలోను ఉండు మాంసకృత్తులలో నత్రజని చేరును; 20 రకముల పూసలను వేర్వేఱు వరుసలలో గ్రుచ్చినట్లు అవి యేర్పడును. రక్తమునకు ఎఱ్ఱదనమునిచ్చు హిమోగ్లోబిను అణువులో అట్టి పూసలు 574, ఇనుప పరమాణువులు 4. ఏ పూసల వరుస యెట్లుండవలెనో తెలుపు వ్రాత మఱియొక పెద్ద యణువులో, డి.ఎన్.ఏ.లో, దాగియున్నది. ఈ విషయములను పరిశోధించు సి.సి.ఎం.బి. అను సంస్థ 1977లో స్థాపింపబడినది. అది హబ్సిగూడలో, ఉప్పలునకు పోవు త్రోవలో నున్నది.

పెద్ద యణువుల మాట యట్లుండనిండు. ఆవగింజంత కూడ అవసరము లేని చిన్న యణువొకటి లోపించినచో పెద్ద దేహమే కూలిపోవును. ఈ సంగతిని మన దేశమున మొదట శ్రద్ధతో విచారించిన సంస్థ 1918లో కూనూరున, మెక్కారిసన్ అను వైద్యుని ఆధ్వర్యమున, ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధి విచారణగా ఆరంభమయ్యెను. అది 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చెను. మౌలాలికి కొలది దూరమున, తార్నాకలో దాని భవనములు కలవు.

దక్కను మెట్టప్రాంతములలో జొన్నయే ముఖ్యాహారముగా బ్రదుకు పేద కూలిజనులలో పెల్లాగ్రా అను వ్యాధి కానవచ్చెడిది. ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి పెచ్చులూడును, మెడచుట్టు దండ వేసినట్లు మచ్చ తేలును, విరేచనములు పట్టుకొనును, ముదిరిన మతి చలించును. నయాసిను అను విటమిను కొఱతయే దీనికి మూలము. ఆ యణువులో నున్నవి అంతయు కలిపి 14 పరమాణువులు. జొన్నలో లూసీను అను పూస అధికముగా నుండుట ఈ కొఱతను పెంచుచున్నదని 1960లో ఈ సంస్థకు చెందిన డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకాంతియా గార్లు ప్రతిపాదించిరి. అంతమాత్రమున జొన్నరొట్టెను దూషింప పనిలేదు. ప్రక్కన పప్పు, పాలు, కూర ఉన్నవారికి అది మంచి యాహారమే. ప్రక్కన ఏమియు లేనివారికే యా గతి పట్టినది.

ఇక స్త్రీలకు మఱింత సన్నిహితమైన యణువును గూర్చి చెప్పెదను. 1928లో లూసీ విల్సు అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయికి వచ్చెను. అచ్చట బట్టలమిల్లులలో పనిచేయు పేదస్త్రీలు గర్భిణులైనప్పుడు తీవ్రమైన రక్తహీనతకు లోనగుచుండిరి. వారి రక్తకణములు సంఖ్యలో తగ్గి, పరిమాణమున మాత్రము ఉబ్బియుండెడివి. కూనూరులోను, మద్రాసునందలి గోషా ఆసుపత్రిలోను కూడ ఆమె కొంతకాలము పనిచేసెను. ఈస్టు అను మధుశిలీంధ్రపు సారమును తినిపించిన ఆ గర్భిణులు కోలుకొనిరని 1931లో ఆమె ప్రకటించెను. ఆ సారములో ఏమున్నదో ఆమెకును తెలియదు. 1941లో అమెరికాయందు టెక్సాసు విశ్వవిద్యాలయమువారు నాలుగు టన్నుల పాలకూరనుండి ఆ పదార్థమును చిటికెడు మాత్రము వేఱుచేసి, లాటిను భాషలో ఆకు అను నర్థము గల మాటనుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి.

దానిని ఆకుకూరలతో పనిలేకుండ తయారుచేయు విధమును కనుగొన్న బృందమునకు నాయకుడు మన తెలుగువాడు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దఱు స్ప్రూ అను గ్రహణి వంటి వ్యాధికి బలియైరి. ఆయనను కూడ ఆ రోగము పీడింపగా డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రదికెను. 1922లో అమెరికాకు పోయి, హార్వర్డులో కండరములకు శక్తినిచ్చు అణువులను పరిశోధించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరెను. 1945లో ఆయన బృందమువారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించిరి. పిమ్మట స్ప్రూ రోగులకు కూడ అది గుణమిచ్చెను. ఆయన మరల స్వదేశమునకు రాక, 1948 ఆగస్టులో అచ్చటనే మరణించెను. భార్య శేషగిరి ఇచ్చటనే యుండిపోయెను. ఆయన పేరు తలచినప్పుడెల్ల, ఆ యిరువదియాఱు సంవత్సరములు ఆమెకెట్లు గడచెనో యని నాకు తోచుచుండును.

ఫోలిక్ ఆమ్లపు అణువులో కర్బనములు 19, ఉదజనులు 19, నత్రజనులు 7, ఆమ్లజనులు 6. మనము మొదట చెప్పుకొన్న ఆ నాలుగు మూలకములే; మఱేమియు లేదు. దీనిలో ఒక ఆమ్లజనిని తీసివేసి, ఆ తావున ఒక నత్రజనిని, దానితో మఱియొక ఉదజనిని చేర్చినచో అమినాప్టెరిను అను వేఱొక పదార్థమగును. ఫోలిక్ ఆమ్లము కణములను వృద్ధిచేయును, ఇది అడ్డగించును. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు లెడర్లీవారిచ్చిన యీ మందును రక్తపు క్యాన్సరు గల 16 మంది పిల్లలకిచ్చి చూడగా 10 మందికి కొంతకాలము ఉపశమనము కలిగెనని 1948లో ప్రకటించెను. అంతకుముందు ఆ రోగమునకు మందన్నదియే లేదు. దీని తోబుట్టువగు మెథోట్రెక్సేటును వైద్యులు నేటికిని వాడుచున్నారు. ‘రమ’ ‘మర’ యగుట యన నిట్టిది.

కణము రెండుగా చీలునప్పుడు డి.ఎన్.ఏ.ను క్రొత్తగా వ్రాసికొనవలెను. ఆ వ్రాతకు ఫోలిక్ ఆమ్లము కావలెను. కావుననే వేగముగా కణములు పెరుగు తావులలో, అనగా రక్తము పుట్టు ఎముకల మజ్జలోను, గర్భములోను, దీని కొఱత ముందుగా బయటపడును. శిశువుయొక్క మెదడును, వెన్నుపామును కాబోవు నాళము గర్భము నిలిచిన 28 దినములలోపలనే మూసికొనును. ఆ దినములలో తాను గర్భవతినని పెక్కుమంది స్త్రీలకు తెలియనే తెలియదు. ఇంతకుముందు అట్టి లోపముతో బిడ్డను కన్న తల్లులు గర్భమునకు ముందునుండియు ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనినచో, ఆ లోపము మరల కలుగుట నూటికి 72 పాళ్లు తగ్గెనని 1991లో ఇంగ్లండున ముగిసిన పరిశోధన రుజువుచేసెను. అందువలన సంతానము కోరు స్త్రీ గర్భమునకు ముందునుండి పండ్రెండవ వారమువఱకు దినమునకు 400 మైక్రోగ్రాములు పుచ్చుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

పాలకూర, తోటకూర, పెసలు, శనగలు, కందులు వీనియందు ఈ యణువు కలదు. కాని యిది సుకుమారమైనది. నీటిలో కరగును, ఎక్కువసేపు ఉడికించిన నశించును. ఆకును తరిగిన పిదప కడుగుటయు, ఉడికించిన నీటిని పాఱబోయుటయు దీనిని కాలువ పాలు చేయుటయే. ముందుగా కడిగి, తరువాత తరిగి, కొద్ది నీటితో మూతపెట్టి మగ్గించి, ఆ రసముతోనే పప్పు కలుపుట మేలు.

గర్భిణికి ఆహారముతో మాత్రమే చాలదు. నాలుగవ నెలనుండి 180 దినములు ప్రభుత్వమువారిచ్చు మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లము 500 మైక్రోగ్రాములు ఉండును. మాత్రలు మ్రింగిన బిడ్డ నల్లగా పుట్టునని కొన్ని యిండ్లలో పెద్దలు వానిని మాన్పించుట కలదు. మలము నల్లబడుట నిజమే. అది దేహము గ్రహింపక విడిచిన ఇనుము. బిడ్డ మేనిచాయకును దానికిని సంబంధము లేదు. వికారము కలిగినచో రాత్రి భోజనానంతరము వేసికొనవచ్చును. టీ, కాఫీ, పాలతో మాత్రము వలదు. అవి ఇనుమును పట్టియుంచును. నిమ్మరసము పిండిన మంచినీరు దానిని దేహమున కెక్కించును.