కందిరీగ కుట్టిన వేళ – పోలీసు చేతిలో మందు

పెదకాకాని పరిసరములలో మిరపకాయ కోతకును, ప్రత్తి తీతకును కూలీలు గుంపులుగా చేలకు పోవుదురు. గట్టుమీది చెట్టున తేనెపట్టు కదలినను, కందిరీగల గూడు తగిలినను కుట్టించుకొనుట వారికి క్రొత్త కాదు. పెక్కుమందికి నొప్పి, వాపు మాత్రమే కలుగును; సున్నము పూసికొని మరల పనిలో దిగుదురు. కాని ఏ కొద్దిమందికో ఆ విషము ఒంటికి బొత్తిగా పడదు. నిమిషములలో ఒడలెల్ల దద్దుర్లు లేచును. పెదవులు, నాలుక వాచి, గొంతు బిగిసి, ఊపిరి ఆడదు. రక్తపుపోటు పడిపోయి మనిషి కూలిపోవును. దీనిని వైద్యులు అనఫిలాక్సిస్ అందురు. వేరుసెనగ, రొయ్య వంటి ఆహారము వలనను, పెన్సిలిన్ వంటి సూదిమందు వలనను ఇదే ఆపద రావచ్చును. పాముకాటుకు ఇచ్చు విరుగుడు మందు సయితము కొందరికి పడదు.

ఇట్టి మరణములను బ్రిటనులో పరిశీలించి 2000లో ఫలితములు ప్రకటించిరి. సూదిమందు పడనివారికి సుమారు 5 నిమిషములలో, కీటకములు కుట్టినవారికి 15 నిమిషములలో, ఆహారము పడనివారికి 30 నిమిషములలో ఊపిరియో గుండెయో ఆగినట్లు తేలినది. గుంటూరు పెద్దాసుపత్రి మనకు దగ్గరదే. అయినను చేని నడుమ నుండి రోగిని డొంక దాటించి రోడ్డెక్కించుటకే ఆ పదునైదు నిమిషములు చాలవు.

దీనికి తొలి మందు ఎడ్రినలిన్. తొడ వెలుపలి ప్రక్క నడిమి కండలోనికి దీనిని ఎక్కింపవలెను. దురద తగ్గించు ఎవిల్ వంటి మందులు దీనికి బదులు కావు.

ఈ మందు పోలీసు చేతిలో ఎందుకుండవలెనని సభ్యులు అడుగవచ్చును. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రమున 2015లో 13 ఏండ్ల బాలిక అలర్జీతో పడిపోగా, ముందుగా చేరినది పోలీసు అధికారి. అతని వద్ద మందు లేదు. బాలిక మరణించినది. మరుసటి సంవత్సరమే, శిక్షణ పొందిన పోలీసులు ఈ మందును దగ్గర ఉంచుకొని వాడుటకు అచట చట్టము అనుమతించినది. మన ఊరి ప్రక్కనే చెన్నై–కలకత్తా జాతీయ రహదారి ఉన్నది. 2005లో ఆరంభమైన 108 వాహనము ఎంతో మేలు చేయుచున్నను, అది వేరొక ప్రమాదమునకు పోయియున్నప్పుడు ముందుగా చేరునది పోలీసు వాహనమే కావచ్చును.

అయితే జీపులో మందు పడవేసినంత మాత్రమున పని కాదు. ఎడ్రినలిన్‌ను 25 డిగ్రీలకు మించని వేడిలో, వెలుతురు సోకకుండ ఉంచవలెను. మన వైశాఖపు ఎండలో నిలిచిన జీపు లోపలి వేడి ఎంతయుండునో చెప్పనక్కరలేదు. రంగు మారిన మందును పారవేయవలసినదే. గాజు గుళిక విరిచి, కొలత చూచి, సిరంజిలోనికి తీయుట అలవాటు లేని చేతికి కష్టము. నీరు కలుపని మందు పొరపాటున రక్తనాళములోనికి పోయిన ప్రాణమునకే ముప్పు. అందుచేతనే పోలీసులకు, తొడపై గట్టిగా నొక్కినంతనే లెక్క ప్రకారము మందు దిగు స్వయంచాలక సూదిని ఇత్తురు. అది ఖరీదైన వస్తువు.

అది చేతికి వచ్చువరకు మనకు వేరొక దారి కలదు. టీకా వికటించినప్పుడు ఎ.ఎన్.ఎం. ఒక మోతాదు ఎడ్రినలిన్ ఇయ్యవచ్చునని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకములు 2015లోనే అనుమతించినవి. టీకా వేయు చోట ఆ మందుపెట్టె ఉండవలెను. కుట్టు పడినవారికి సయితము ఆమె దానిని వాడవచ్చునా అను విషయమును ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారితో మాటలాడి, వ్రాతమూలకముగా తెలిసికొనుట పంచాయతీ చేయదగిన పని. అనుమతి లభించినచో, ఎ.ఎన్.ఎం. ఫోను నంబరు పోలీసు స్టేషనులో గోడకు అంటించి, అవసరము పడినప్పుడు పోలీసు వాహనము ఆమెను చేని వద్దకు తెచ్చునట్లు స్టేషను అధికారితో ఒప్పందము చేసికొనవచ్చును. కానిస్టేబుళ్లకు ఒక పూట శిక్షణ ఇమ్మని వైద్యాధికారిని కోరుటకు తీర్మానము చాలును. నా అభిప్రాయమున, ఖరీదైన సూది కన్న ముందు కావలసినది ఇదియే.

మందు వచ్చులోపల రోగిని వెల్లకిల పరుండబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచవలెను. ఆయాసపడువానిని కూర్చుండనీయవచ్చును గాని, లేపి నడిపింపరాదు. తేనెటీగ ముల్లు చర్మమున నిలిచియున్నచో వెంటనే గీకి తీయవలెను. అయిదు నిమిషములైనను గుణము కనబడనిచో రెండవ మోతాదు అవసరమగును. తేరుకొనినవానిని సయితము ఆసుపత్రికి పంపవలెను. కొన్ని గంటల తరువాత లక్షణములు మరల తిరుగబెట్టవచ్చును.