బంగాళాఖాతపు లోతుల్లో పచ్చకళ్ల చేప

అనంతపురం కరువు పీఠభూమి మీద కురిసిన వాన, చెరువులూ జలాశయాలూ నిలుపుకోగా ఏమైనా మిగిలితే, పెన్నా నది వెంట నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. తీరాన్ని ఆనుకొని ఉన్న తక్కువ లోతు నేల, అంటే ఖండతీరపు అంచు, సుమారు 200 మీటర్ల లోతు దగ్గర ముగిసి, అక్కడి నుంచి ఖండతీరపు వాలు మొదలవుతుంది. సూర్యకాంతి అంత లోతుకు మసక నీలి వెలుగుగా మాత్రమే దిగుతుంది. ఆ మసకలో బతికే చేపల్లో గ్రీన్‌ఐలు, అంటే పచ్చకళ్ల చేపలు, ఒక కుటుంబం.

వాటిలో క్లోరోఫ్తాల్మస్ కార్నిజర్ అనే జాతిని, ఇన్వెస్టిగేటర్ అనే సర్వే నౌకలో వైద్యుడిగానూ ప్రకృతి శాస్త్రవేత్తగానూ పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ ఆల్కాక్, బంగాళాఖాతపు నమూనాల ఆధారంగా 1894లో తొలిసారి వర్ణించాడు. ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ 1803లో విశాఖపట్నం చేపలు రెండు వందలను చిత్రాలతో ప్రచురించినా, నాటి జాలర్ల వలలు ఇంత లోతుకు దిగేవి కావు.

ఈ కుటుంబపు చేపల కంటి వెనుక భాగంలో ఉండే టపీటమ్ అనే ప్రతిఫలక పొర, ఒకసారి కంటిలోకి వచ్చిన వెలుగును వెనక్కి తిప్పి దృష్టికణాలకు మళ్లీ అందిస్తుంది; ఆకుపచ్చ మెరుపు దాని ఫలితమే. కంటి కటకం పసుపు రంగులో ఉండి పైనుంచి వచ్చే నీలి కాంతిని కొంత వడపోయడం వల్ల, ఇతర జీవులు తమ శరీరం నుంచి వెలువరించే కాంతి తేటగా కనిపిస్తుందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. మలద్వారం దగ్గర, వెలుగునిచ్చే బాక్టీరియాకు ఆశ్రయమిచ్చే చిన్న అవయవం కూడా ఉంటుంది. అంతకన్నా విశేషం, ఇవి ఉభయలింగ జీవులు: అండాలనూ శుక్రాన్నీ ఒకే చేప ఒకే కాలంలో ఉత్పత్తి చేయగలదు.

గుర్తింపు విషయానికి వస్తే, అందరినీ ఆకర్షించే కన్ను కుటుంబాన్ని సూచిస్తుందే తప్ప జాతిని తేల్చదు. పొడవైన దేహం, పెద్ద కళ్లు, వీపు మీద ముళ్లులేని మెత్తటి చిన్న రెండో రెక్క ఈ కుటుంబపు చేపలన్నిటికీ ఉంటాయి. కార్నిజర్‌లో చూడవలసింది ముందుకు పొడుచుకు వచ్చిన కింది దవడ కొస. అక్కడి పలకకు ముందువైపు తిరిగిన కొమ్ముల్లాంటి ముళ్లు ఉంటాయి. కేరళ తీరాన లోతునీటి రొయ్యల కోసం లాగే ట్రాల్ వలల్లో క్లోరోఫ్తాల్మస్ ప్రజాతి చేపలు కూడా పడుతుంటాయి కాబట్టి, దవడ చూడకుండా కంటిని బట్టే పేరు పెడితే ఒక జాతి లెక్క మరో జాతి ఖాతాలోకి పోతుంది.