ఒక కన్నీటి కథ – ఒక యుద్ధం

దూరదేశపు వార్త మన ఇంటికి చేరేలోగా ఎన్నో చేతులు మారుతుంది. ఏ చేతిలో ఎంత రంగు పూసుకున్నదో చదివేవారికి తెలియదు. అందులోనూ ఆ దేశమంటే ముందే భయం వుంటే ఇక చెప్పనక్కరలేదు. ఎంతటి మాటైనా నమ్మేస్తాం. 1990లో అమెరికాలో జరిగిన సంగతి వినండి.

ఆ యేడు ఆగస్టు 2న ఇరాక్ సైన్యాలు కువైట్‌ను ఆక్రమించాయి. హత్యలు, చిత్రహింసలు, దోపిడీ అన్నీ నిజంగానే జరిగాయి. అక్కడ పొట్టపోసుకుంటున్న మన తెలుగువారితో సహా 1,70,000 మందికి పైగా భారతీయులను విమానాలలో స్వదేశానికి చేర్చవలసి వచ్చింది. అయినా ఆ చిన్న దేశం కోసం తమ బిడ్డలను యుద్ధానికి పంపడానికి అమెరికాలో చాలామందికి మనసొప్పలేదు.

అక్టోబరు 10న వాషింగ్టన్‌లో, కాంగ్రెసు సభ్యుల మానవహక్కుల బృందం ముందు పదిహేనేళ్ల కువైటీ బాలిక ఒకతె సాక్ష్యమిచ్చింది. పేరు నయీరా. స్వదేశంలోని బంధువులకు ముప్పని ఇంటిపేరు దాచారు. తాను ఆస్పత్రిలో సేవ చేస్తూవుండగా ఇరాకీ సైనికులు వచ్చి, పసికందులను ఇంక్యుబేటర్లలోనుంచి తీసి చల్లని నేలమీద వదిలేసి, ఆ పెట్టెలు పట్టుకుపోయారని ఏడుస్తూ చెప్పింది.

విన్నవారి కడుపు తరుక్కుపోయింది. టెలివిజన్లు ఆ దృశ్యాన్ని ఇంటింటికీ చేర్చాయి. ప్రెసిడెంటు బుష్ తన ఉపన్యాసాలలో పలుమార్లు ఆ మాట ఎత్తారు. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ డిసెంబరులో 312 మంది శిశువులని లెక్క కూడా చెప్పింది. 1991 జనవరి 12న సెనేటు 52–47 ఓట్లతో యుద్ధానికి అనుమతి ఇచ్చింది. చర్చలో పలువురు సభ్యులు ఆ పసిపాపలనే తలుచుకున్నారు. అయిదు రోజులకు బాగ్దాదుపై బాంబులు పడ్డాయి.

కువైట్ విముక్తమైన తరువాత, మార్చిలో ఎ.బి.సి. టెలివిజన్ విలేఖరి జాన్ మార్టిన్ అక్కడి ఆస్పత్రులకు వెళ్లి వైద్యులనే అడిగాడు. సిబ్బంది పారిపోగా చూసేవారు లేక శిశువులు చనిపోయిన మాట నిజమేనట. సైనికులు ఇంక్యుబేటర్లు లాక్కుని చంపారన్నది మాత్రం నిజం కాదట! ఆమ్నెస్టీ తన మాట వెనక్కి తీసుకున్నది.

1992 జనవరిలో జాన్ మెకార్థర్ అనే పత్రికాధిపతి అసలు గుట్టు రట్టు చేశాడు. నయీరా మరెవరో కాదు, అమెరికాలోని కువైట్ రాయబారి కూతురే! ఆ సాక్ష్యం వెనక వున్నది హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ. దానికి ముట్టినది కోటి డాలర్లకు పైమాటే. అందులో చాలావరకు కువైట్ ప్రభుత్వపు సొమ్ము. సభను ఫిలిం తీసి టెలివిజన్ కేంద్రాలకు పంచిపెట్టినదీ ఆ సంస్థే.

ఆ కథను పత్రికలవారు అల్లలేదు. కాని ఈ పిల్ల ఎవరు, ఇంకెవరు చూశారు, ఖర్చు ఎవరిది అని సమయానికి ఆరా తీయలేదు. శత్రువు రాక్షసుడని ముందే తీర్మానించుకున్నవారికి రుజువులతో పనేముంది?

పన్నెండేళ్లకు మళ్లీ అదే దేశం, అదే భయం. ఇరాక్‌లో మారణాయుధాలున్నాయన్న వార్తలు మొదటి పేజీలకెక్కాయి. 2003లో యుద్ధం జరిగింది. ఆ ఆయుధ నిల్వలు దొరకలేదు. తన వార్తలు కొన్నింటిని తగినంతగా పరీక్షించలేదని న్యూయార్క్ టైమ్స్ 2004 మే 26న ఒప్పుకున్నది. అప్పటికే బాగ్దాదు పతనమై ఏడాది దాటింది.

ఇందులో మరో అన్యాయం కూడా వున్నది. కల్పన బయటపడ్డాక, కువైట్‌లో నిజంగా బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల మాటను కూడా లోకం అనుమానంగానే వింటుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు పెద్దలు. పరాయి దేశపు వార్త చదివి ఒళ్లు మండినప్పుడు, కన్ను చెమర్చినప్పుడు, ఇది ఎవరు చూశారు, ఎవరు చెప్పిస్తున్నారు అని ఒక్కసారి అడిగి చూద్దాం.