నెట్ నత్తనడకా? తప్పు తీగదో, గోడదో తేల్చుకోండి

అమెరికా నుంచి అమ్మాయి వీడియో కాల్ చేస్తుంది. "వీడు బోర్లా పడుతున్నాడమ్మా, చూడు" అంటుంది. సరిగ్గా మనవడు తల ఎత్తే వేళకు బొమ్మ కాస్తా బిగుసుకుపోతుంది. మాట ఒకచోట, పెదవి ఒకచోట. "హలో, వినిపిస్తోందా?" అనుకుంటూనే ఉన్న పావుగంటా గడిచిపోతుంది. మళ్ళీ వచ్చే ఆదివారం దాకా ఆగాల్సిందే.

ఇలాంటప్పుడు ఇంట్లో మగవారు చెప్పే వైద్యం ఒక్కటే, "ప్లాన్ పెంచుదాం" అని. నెలకు రెండు మూడొందలు ఎక్కువ కడతారు. తీరా చూస్తే పడగ్గదిలో పరిస్థితి షరా మామూలే! ఎందుకంటే చాలా ఇళ్ళలో జబ్బు బయటి నుంచి వచ్చే తీగలో ఉండదు, ఇంటి లోపలే ఉంటుంది. సంపులోకి నీళ్ళు ధారగా పడుతున్నా వంటింటి కుళాయికి సన్నగా వస్తే, మున్సిపాలిటీ వాళ్ళని తిట్టం కదా, మన పైపు చూసుకుంటాం. ఇదీ అంతే.

మరి తెలిసేదెలా? స్పీడ్ టెస్ట్ అని ఫోన్లో ఉచితంగా దొరుకుతుంది. టీవీ, మిగతా ఫోన్లు కాసేపు ఆపించండి. వైఫై డబ్బా పక్కనే నిలబడి ఒకసారి, గొడవ వచ్చే గదిలో ఇంకోసారి పరీక్ష చేయండి. డబ్బా దగ్గర ప్లాన్‌కి తగ్గ అంకె వచ్చి, గదిలో పదో వంతు కూడా రాకపోతే తప్పు మీ గోడలది. డబ్బా దగ్గరే చతికిలబడితే తప్పు తీగది, లేదా ఆ డబ్బాది. ల్యాప్‌టాప్‌కు వైరు తగిలించి చూస్తే ఇంకా ఖాయంగా తేలుతుంది.

ముందు గోడల సంగతి చూద్దాం. కనెక్షన్ ఇచ్చే అబ్బాయి తీగ ఎక్కడికి అందితే అక్కడే మేకు కొట్టి డబ్బా తగిలించి పోతాడు. గుమ్మం పైన, టీవీ వెనకాల, ఒక్కోసారి ఏకంగా అటక మీద! పైగా దుమ్ము పడుతుందని మనం దానికో క్రోషియా గుడ్డ కప్పుతాం. అది వేడెక్కే వస్తువు, గుడ్డ తీసేయండి. ఇనప బీరువా, నిలువుటద్దం, ఫ్రిజ్, చేపల తొట్టి, సిమెంటు స్లాబు ఇవన్నీ వైఫైకి అడ్డుగోడలే. అద్దం వెనక పూత లోహానిది కాబట్టి అదీ అడ్డే. ఇంటి నడిమధ్యలో, భుజం ఎత్తులో, నలువైపులా ఖాళీగా ఉన్నచోట డబ్బా పెట్టించండి. కొత్త వైరుకు కొంచెం ఖర్చవుతుంది, అయినా ప్రతి నెలా ఎక్కువ కట్టడం కన్నా నయం.

మీ ఫోన్లో మీ ఇంటి వైఫై రెండు పేర్లతో కనిపిస్తోందా? ఒకదాని చివర 5జి అని ఉంటుంది. అది సెల్ ఫోన్ల 5జి కాదు, 5 గిగాహెర్ట్జ్ అని అర్థం. వేగం ఎక్కువే గాని గోడ దాటడానికి ఆయాసపడుతుంది. డబ్బా ఉన్న గదిలో దాన్నే వాడండి. రెండోది 2.4 గిగాహెర్ట్జ్. దూరం వెళుతుంది, కాకపోతే అపార్టుమెంటులో ఇరుగు పొరుగు వైఫైలు కూడా అదే దారిలో తోసుకుంటూ ఉంటాయి. మైక్రోవేవ్ పనిచేసేదీ దాదాపు ఆ దారిలోనే. పప్పు వేడి చేస్తున్నంతసేపూ పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు తడబడితే ఆశ్చర్యమేమీ లేదు. మనకేం ప్రమాదం లేదు లెండి, నెట్‌కే ఇబ్బంది.

మేడ మీదికి అందకపోతే రిపీటర్ కొంటారు. దాన్ని తీసుకెళ్ళి, అసలు సిగ్నలే రాని గదిలో పెడతారు. దానికే అందనప్పుడు అది మనకేం పంచుతుంది? సిగ్నల్ బాగున్న సగం దూరంలో పెట్టాలి. అంతకన్నా పైకి ఒక వైరు లాగించి రెండో డబ్బా పెట్టించుకోవడమే నా ఓటు.

ఇక తీగ సంగతి. ఫైబర్ కనెక్షన్ అయితే డబ్బా మీద ఎల్.ఓ.ఎస్. అనే దీపం ఉంటుంది. అది ఎర్రగా వెలిగితే వెలుతురు లోపలికి రావడం లేదన్నమాట. ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, కంపెనీకి ఫోన్ చేయాల్సిందే. ఆ సన్నటి పసుపు వైరు లోపల ఉన్నది వెంట్రుకంత గాజు పోగు. సంక్రాంతికి బూజు దులిపేటప్పుడు చీపురు తగిలి మడత పడ్డా, బల్ల కింద నలిగినా అంతే సంగతులు. ఊడితే దాని కొసలోకి కన్ను పెట్టి చూడకండి.

దీపాలన్నీ బాగుండి, రోజూ సాయంత్రం 8 నుంచి 10 దాకా మాత్రమే నీరసిస్తే వీధి మొత్తం ఒకే దారిలో పడుతోందని అనుమానించాలి. పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే నాలుగు రోజులు టైము, స్పీడు రాయండి. "స్లోగా ఉందండీ" అంటే ఎవరూ పట్టించుకోరు. అంకెలు చదివి వినిపిస్తే మాట మారుతుంది. ఫిర్యాదు నంబరు తప్పక అడగండి. అది ఇవ్వాలని 2012లోనే ట్రాయ్ నిబంధన పెట్టింది. ఫిర్యాదు తేలకపోతే అదే కంపెనీ అప్పీలు విభాగానికి పైసా కట్టకుండా రాయవచ్చు. నెలాఖరున మాత్రమే నెమ్మదిస్తే, ప్లాన్‌లోని డేటా పరిమితి దాటిందేమో చూడండి.

ప్లాన్ అంకె దగ్గర ఇంకో తిరకాసు ఉంది. 100 ఎం.బి.పి.ఎస్. అంటే సెకనుకు 100 ఎం.బి. దిగదు, పన్నెండున్నరే దిగుతుంది. కంపెనీ లెక్క బిట్లలో, మన ఫైళ్ళ లెక్క బైట్లలో. 8 బిట్లు ఒక బైటు. ఒక వీడియో కాల్‌కు 3, 4 ఎం.బి.పి.ఎస్. సరిపోతుంది. నలుగురున్న ఇంటికి 50 నిజంగా అందితే ఎక్కువే.

డబ్బాను ఆపి, అర నిమిషం ఆగి మళ్ళీ వేయడం మంచి చిట్కానే. రోజూ వేయాల్సి వస్తోందంటే మాత్రం డబ్బా మార్చమని అడగండి. వెనకాల సూదిమొన పట్టే చిన్న రంధ్రం ఉంటుంది, దాని జోలికి వెళ్ళొద్దు. నొక్కితే కంపెనీ పెట్టిన సెట్టింగులన్నీ చెరిగిపోతాయి.

ఇంట్లో ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, రాసిన పిల్లలుంటే వెబ్ ఆప్షన్లకు ఆఖరి సాయంత్రం దాకా ఆగనివ్వకండి. కరెంటు పోతే వైఫై డబ్బా కూడా పోతుంది. దానికోసమే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, ఇన్వర్టర్ లేని ఇంటికి మంచి కొనుగోలు. అదీ లేకపోతే మీ ఫోన్లో హాట్‌స్పాట్ వేయడం పిల్లల చేత ఇవాళే నేర్పించుకుని, ఆ వారం ఫోన్లో డేటా మిగిలేలా చూసుకోండి.