చికిత్స మధ్యలో పెరిగిన దంతవైద్య బిల్లు: వినియోగదారుడి హక్కులు

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల్లో సాఫ్ట్‌వేర్ కార్యాలయాల పక్కనే దంత వైద్యశాలలు వరుసగా కనిపిస్తాయి. అక్కడ పనిచేసేవారిలో చాలామందికి కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉంటుంది. అయితే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే పంటి చికిత్సకు, ప్రమాదంలో గాయపడినప్పుడు తప్ప, ఆ పాలసీలు సాధారణంగా వర్తించవు. కాబట్టి పంటి బిల్లు నేరుగా జీతంలోంచే పోతుంది. అది అనుకున్నదానికంటే రెండింతలైతే ఏం చేయాలో ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకోండి. మాదాపూర్‌లో పనిచేసే ఒక ఉద్యోగిని కింది దవడ పంటికి రూట్ కెనాల్ చేయించుకోవడానికి వెళ్ళింది. క్యాప్‌తో కలిపి 12,000 రూపాయలవుతుందని కాగితం మీద రాసి ఇచ్చారు. రెండో సిట్టింగులో, వేరులోని నాళాన్ని శుభ్రం చేసే సన్నని ఫైలు కొన లోపలే విరిగిపోయింది. స్కాన్ తీసి, మరో నిపుణుడిని పిలిపించి, మైక్రోస్కోపు సాయంతో ఆ ముక్కను తొలగించారు. చివరకు చేతికి వచ్చిన బిల్లు 31,000 రూపాయలు. అదనంగా వేసిన 19,000 ఆమె చెల్లించాలా?

ఇక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఫైలు విరగడం వైద్యుడి తప్పా? విరిగిన సంగతి, తరువాత చేయబోయే పని ఆమెకు ముందుగా చెప్పారా? ఆ పనికి ఎంతవుతుందో చెప్పి ఆమె ఒప్పుకోలు తీసుకున్నారా? బాధలో ఉన్నవారు సహజంగా మొదటి ప్రశ్నతోనే పోట్లాటకు దిగుతారు. నిజానికి మూడింటిలో నిరూపించడం కష్టమైనది అదే. వేరు నాళాలు వంకర తిరిగి, సన్నబడి ఉన్నచోట మంచి నైపుణ్యం ఉన్నవారి చేతిలోనూ ఫైలు విరగవచ్చు. జ్ఞానదంతం తీసిన మూడో రోజున గుంట ఎండి విపరీతమైన నొప్పి రావడం కూడా ఇలాంటిదే. ఫలితం చెడినంత మాత్రాన నిర్లక్ష్యం కాదని, సాధారణ నైపుణ్యం గల వైద్యుడు తీసుకోవలసిన జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే కొలమానమని జాకబ్ మాథ్యూ కేసులో (2005) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మిగిలిన రెండు ప్రశ్నలకు మాత్రం చాలావరకు కాగితాలే జవాబు చెబుతాయి.

సమ్మతి విషయంలో మీరు తప్పక గుర్తుంచుకోవలసినది సమీరా కోహ్లి కేసులో 2008 జనవరి 16న వెలువడిన తీర్పు. రోగి ఒప్పుకున్నది లాపరోస్కోపీ పరీక్షకు. ఆమె మత్తులో ఉండగా తల్లి సమ్మతితో పెద్ద శస్త్రచికిత్స చేశారు. ప్రాణాపాయం లేనప్పుడు ఒక ప్రక్రియకు ఇచ్చిన సమ్మతి మరో ప్రక్రియకు చెల్లదని కోర్టు చెప్పింది. ఆ శస్త్రచికిత్సకు రుసుము పొందే హక్కు వైద్యురాలికి లేదంటూ 25,000 రూపాయల పరిహారం కూడా విధించింది. మన ఉదాహరణకు ఇది మరింత గట్టిగా పనికివస్తుంది. దంత వైద్యంలో మత్తు దవడకే గాని స్పృహకు కాదు. పని ఆపి అడగడానికి సాధారణంగా అడ్డేమీ ఉండదు. నోట్లో గొట్టాలు పెట్టుకున్న మనిషి తల ఊపడాన్ని తెలిసి ఇచ్చిన సమ్మతిగా చూపడం వైద్యశాలకు అంత తేలిక కాదు.

ధర సంగతికి వద్దాం. రుసుము తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇరుపక్షాలు ఒప్పుకున్న ధరకు మించి వసూలు చేయడంపై ఫిర్యాదు చేయవచ్చు. అవసరమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం సేవాలోపం. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. కాగితం మీద "అంచనా మాత్రమే" అని ఉంటే వైద్యశాల వాదనకు కొంత బలం వస్తుంది. అయినా అదనం ఎందుకో, ఎంతో ముందుగా చెప్పే బాధ్యత ఆ రెండు మాటలతో తీరిపోదు.

అందువల్ల ముందుగా ఫోన్లో వాదించకుండా ఈమెయిల్ రాయండి. అంశాలవారీ బిల్లు, చికిత్స నమోదులు, ముందు వెనుకల ఎక్స్-రేలు, మీరు సంతకం చేసిన సమ్మతి పత్రం నకలు అడగండి. ఆ లేఖ ఇంత చిన్నదైనా చాలు: "మీరు రాసి ఇచ్చిన 12,000 రూపాయలకు నేను అంగీకరించాను. స్కాన్, నిపుణుడి రుసుము, ఫైలు తొలగింపు ఖర్చుల గురించి ఆ పనులకు ముందు నాకు చెప్పలేదు. చెప్పినట్లు ఆధారం ఉంటే పంపగలరు. లేనిపక్షంలో బిల్లు సవరించగలరు." వివాదం లేని మొత్తాన్ని చెల్లించండి. మిగతాది కూడా కట్టక తప్పని పరిస్థితి వస్తే, అభ్యంతరంతో చెల్లిస్తున్నట్లు రాతపూర్వకంగా తెలపండి. బిల్లులో పన్ను వేశారేమో చూడండి. వైద్య చికిత్సకు జి.ఎస్.టి. మినహాయింపు ఉంది, అందం కోసం చేయించుకునే పనుల సంగతి వేరు.

ఇఎంఐ మీద చికిత్స చేయించుకున్నవారు ఒక విషయంలో జాగ్రత్తపడాలి. రుణసంస్థ డబ్బు అప్పటికే వైద్యశాలకు చేరి ఉంటుంది. వైద్యశాల మీద కోపంతో వాయిదాలు ఆపితే దెబ్బతినేది మీ క్రెడిట్ స్కోరే.

లేఖకు స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ తరువాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. మాదాపూర్, గచ్చిబౌలి రంగారెడ్డి జిల్లాలోని శేరిలింగంపల్లి మండలంలోవి కాబట్టి ఆ జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు. మీ నివాసం ఖమ్మంలోనో నల్లగొండలోనో ఉంటే అక్కడే దాఖలు చేసే వీలు కూడా 2019 చట్టం కల్పించింది. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాల్లోగా ఫిర్యాదు చేయాలి. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. తెలంగాణ రాష్ట్ర దంతవైద్య మండలికి వృత్తి ప్రవర్తనపై ఫిర్యాదు చేయడం వేరే దారి. అది క్రమశిక్షణ కోసమే గాని డబ్బు తిరిగి ఇప్పించడానికి కాదు.

నిర్లక్ష్యం కూడా జరిగిందని మీరు నమ్మితే, నిపుణుల సాక్ష్యం లేదని ముందే వెనుకాడనక్కరలేదు. మలేరియా రోగికి టైఫాయిడ్ చికిత్స చేసిన హైదరాబాద్ నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ కేసులో (2010), అన్ని కేసుల్లోనూ అలాంటి సాక్ష్యం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు చెప్పింది. దిగువ ఫోరం ఇచ్చిన 2 లక్షల రూపాయల పరిహారాన్ని పునరుద్ధరించింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ఉదాహరణలో ఫైలు విరగగానే వైద్యుడు పని ఆపి, ఎక్స్-రే చూపించి, తొలగింపుకు 10,000 రూపాయలవుతుందని చెప్పారనుకోండి. ఆమె సరేనంది, సంతకం మాత్రం చేయలేదు. స్కాన్, నిపుణుడి రుసుముల ప్రస్తావన రాలేదు. ఇప్పుడు 19,000లో ఏ మొత్తాన్ని ఆమె ప్రశ్నించగలదు? కారణాలతో 10 పంక్తుల్లో రాయండి.