గడ్డి విలువ కూలీకి దక్కాలి

పాల ఉత్పత్తి ఖర్చులో 60–70 శాతం మేత, దాణాలదే. సెంటు భూమి లేని కూలీ అన్నీ కొనాల్సిందే. వట్టి వరిగడ్డితో ఆవు ఏం పాలిస్తుంది?

ఆ గడ్డికే బలం చేర్చవచ్చు. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి, తొక్కి, గాలి చొరకుండా 3 వారాలు కప్పాలి. మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి. 45 కిలోల బస్తా రూ.266.50 చొప్పున యూరియాకయ్యేది సుమారు రూ.24. గంటసేపు ఆరబెట్టి మేపాలి. ఆరు నెలల్లోపు దూడలకు పెట్టొద్దు. యూరియా నీళ్లు తాగితే పశువు ప్రాణానికే ముప్పు.

అయితే గడ్డేదీ? కోతమిషన్లు వచ్చాక కూలి పనీ పోయె, గడ్డీ పోయె. చాలాచోట్ల పొలంలోనే తగలబెడుతున్నారు. ఆ గడ్డి కూలీలకివ్వాలనీ, బంజర్లలో పచ్చిమేత పెంచుకోనివ్వాలనీ, సబ్సిడీ దాణా భూమిలేనివారికే ముందు అందించాలనీ గ్రామసభల్లో నిలదీద్దాం!