వృద్ధులలో చర్మపు చీలికలు

చర్మపు చీలిక అనగా దెబ్బ, రాపిడి, లాగుడు వంటి వాటి వలన చర్మపు పై పొర కింది పొర నుండి విడిపోయి, లేదా రెండు పొరలూ కలిసి లోపలి కణజాలం నుండి ఊడి ఏర్పడే గాయం. ఆంగ్లంలో దీనిని స్కిన్ టేర్ అంటారు. తెలుగులో దీనికి ప్రత్యేకమైన పేరు స్థిరపడలేదు. "తోలు లేచిపోయింది" అని వాడుకలో చెప్పేది చాలావరకు ఇదే. అతికించిన ప్లాస్టరును ఊడదీసేటప్పుడు కలిగే గాయం కూడా దీని కిందికే వస్తుందని అంతర్జాతీయ నిపుణుల మండలి (ఐస్టాప్) 2018లో ఇచ్చిన నిర్వచనం స్పష్టం చేసింది. నెలలు నిండని శిశువులలో కూడా ఇవి కనిపించినా, ఈ వ్యాసం వృద్ధులకు పరిమితం.

కారణాలు

యవ్వనంలో బాహ్యచర్మం, అంతశ్చర్మం అలల వంటి మడతలతో ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ ఈ మడతలు చదునై, రెండు పొరల మధ్య పట్టు సడలుతుంది. కొల్లాజెన్, నూనె గ్రంథుల స్రావం, చర్మం కింది కొవ్వు కూడా తగ్గుతాయి. అందుచేత మంచం అంచు తగలడం, చక్రాల కుర్చీలోకి మార్చేటప్పుడు చేయి పట్టి లాగడం వంటి స్వల్ప కారణాలు కూడా గాయానికి చాలును. దీర్ఘకాలం కార్టికోస్టిరాయిడ్ మందులు వాడేవారిలోనూ, ముంజేతులపై ఊదారంగు మచ్చలు ఏర్పడే వారిలోనూ ముప్పు ఎక్కువ. గాయాలు అధికంగా చేతులపైన, మోకాలి కింది భాగాన కలుగుతాయి.

ఎంత సాధారణం?

ఈ ప్రశ్నకు ఒకే అంకెతో సమాధానం చెప్పలేము. అమెరికాలో మలోన్, సహపరిశోధకులు 1991లో ప్రచురించిన అధ్యయనంలో, సంరక్షణ సంస్థలో ఉండే వృద్ధులకు తలకు సంవత్సరానికి సగటున 0.92 చీలికలు కలిగాయి. అంటే వంద మందికి ఏడాదిలో 92 గాయాలు. వంద మందిలో 92 మందికి గాయమైనదని దీని అర్థం కాదు. ఒకరికే పలుమార్లు కలగవచ్చును. సుమారు సగం గాయాలకు కారణమేమిటో ఎవరూ చెప్పలేకపోవడం ఆ అధ్యయనంలో గమనించదగిన విషయం. ఆ దేశంలో ఏటా 15 లక్షల చీలికలు కలుగుతాయని తరచు ఉదహరించే అంచనాకు కూడా ఇదే ఆధారం. ఒక్క సంస్థ లెక్కను దేశమంతటికీ హెచ్చించినది కనుక దానిని జాగ్రత్తగానే స్వీకరించాలి.

తరువాతి సర్వేలలో ఒక నిర్ణీత దినాన ఎందరికి గాయం ఉన్నదో లెక్కించారు. కెనడాలోని ఒక దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రంలో (2013) ఇది 22 శాతం కాగా, బెల్జియం వృద్ధాశ్రమాలలో (2019) సుమారు 3 శాతం మాత్రమే. సంవత్సరమంతా కలిగిన గాయాల లెక్కనూ, ఒకనాటి లెక్కనూ పక్కపక్కన పెట్టి పోల్చడం పొరపాటు. గుర్తింపులోనూ తేడాలున్నాయి. పేన్, మార్టిన్ల వర్గీకరణ 1990లో, ఆస్ట్రేలియాలో రూపొందిన స్టార్ పద్ధతి 2007లో, ఐస్టాప్ పద్ధతి 2013లో వచ్చాయి. పేరు తెలియని చోట ఇదే గాయాన్ని గీరుకుపోవడమనో, పడకపుండు అనో రాసే అవకాశం ఉన్నది. పడకపుండు దీర్ఘకాలపు ఒత్తిడి వలన వచ్చేది. దాని నివారణ వేరు.

పై అంకెలన్నీ సంస్థలలో ఉండేవారివి. తెలుగునాట వృద్ధులలో అధికులు ఇంటివారి సంరక్షణలోనే ఉంటారు. ఇంటిలో కలిగి, ఇంటిలోనే కట్టు కట్టించుకున్న గాయం ఏ రికార్డులోనూ చేరదు. కాబట్టి ఆ శాతాలను ఇక్కడి ఇళ్ళకు నేరుగా అన్వయించరాదు.

నివారణ

వయసు మీద పడినప్పుడు ఇవి తప్పవనే భావన సరికాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని 14 వృద్ధాశ్రమాలలో 980 మందిపై జరిపి 2014లో ప్రచురించిన పరిశోధనలో, కొన్ని ఆశ్రమాలవారికి రోజుకు రెండుసార్లు కాళ్ళకూ చేతులకూ తేమనిచ్చే లేపనం రాశారు. వారిలో ప్రతి వెయ్యి పడక-దినాలకు 5.76 చీలికలు కలుగగా, మామూలు సంరక్షణలో ఉన్నవారిలో 10.57 కలిగాయి. ఇంత చౌకైన ఉపాయంతో గాయాలు దాదాపు సగానికి తగ్గడం విశేషమే. గాఢమైన సబ్బులు మానడం, పొడవు చేతుల దుస్తులు తొడగడం, సంరక్షకులు గోళ్ళు కత్తిరించుకుని ఉంగరాలు తీసివేయడం కూడా మేలు చేస్తాయి. లేవదీసేటప్పుడు చేయి పట్టి లాగక, వీపు కింద ఆసరా ఇవ్వాలి.

చికిత్స

రక్తస్రావం ఆపి, గాయాన్ని సెలైనుతో గాని శుభ్రమైన నీటితో గాని కడగాలి. లేచిన చర్మం జీవంతో ఉన్నచో దానిని కత్తిరించక, తడి దూదితో మెల్లగా యథాస్థానానికి జరపాలి. ఈ చర్మం కుట్లకు నిలవదు. పైన అంటుకోని రకపు కట్టు, సాధారణంగా సిలికాన్ పూత గలది, వేస్తారు. కట్టు విప్పేవారు తిరిగి చర్మాన్ని లేపకుండా, ఏ దిశలో విప్పాలో తెలిపే బాణం గుర్తును నర్సులు దానిపైనే గీస్తారు.